సాకుడు బియ్యం

పొద్దటి నుంచి బుగ్గమ్మ జాడ లేదు.

తిరుమల ముందుగా ఆమె ఇంటికే పోయి చూసింది. తలుపుకు తాళం వేసి ఉంది. చేపల గంప నెత్తికెత్తుకుని బస్టాండు దిక్కు పోయేటప్పుడు కూడా ఆ ముసలామె గొళ్లెం పెట్టి పోయేదే తప్ప తాళం వేసి ఎరుగదు. ఇంట్లో ఏముందని వేస్తుంది? ఇప్పుడు తలుపుకున్న తాళం కొత్తది. 

చంకలో పిల్లవాడు మెడ మీద తల వాల్చి ఉన్నడు. ఒళ్లు వెచ్చగా తగులుతోంది.

ఈ రోజుతో వాడికి ఏడాది నిండుతుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బుగ్గమ్మ వచ్చి వాడిని అమ్మాలి. తిరుమల చాటెడు తవుడు పోసి కొనుక్కోవాలి. అట్లా కొనుక్కుంటేనే వాడు తిరుమల కొడుకు. అప్పటిదాకా బుగ్గమ్మ కొడుకు.

ఎవరికన్నా చెప్తే నవ్వుతరు. ఒకప్పుడైతే తిరుమల కూడా నవ్వేది. వాళ్ల నాయిన శివయ్య పెద్ద చెరువులో వలలు లాగి బతికినోడు. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి తిరుమల. బీఈడీ చేసింది. సాగర్ రోడ్డు మీది ప్రైవేటు బడిలో సోషల్ చెప్తుంది. గ్రహణం ఎట్లా పడుతుందో బోర్డు మీద గీసి చూపించి, ఆ రోజు గర్భిణి బయటికి వస్తే ఏం కాదని పిల్లలకు నమ్మకంగా చెప్పిన మనిషి.

కానీ ఆమెకు ఇద్దరు పోయిన్రు.

మొదట పుట్టిన కొడుకు ఇరవై ఒకటో దినం దాకా కూడా నిలవలేదు. తొట్టెల తెచ్చి పెట్టుకున్నరు గానీ వాడిని అందులో వేసింది లేదు. రెండోది ఆడపిల్ల. బొద్దుగా, గట్టిగా పెరిగింది. గోడ పట్టుకుని నిలబడ్డది. ఇంక భయం లేదనుకుని తిరుమల పుట్టినరోజుకు పెద్ద కేకు చెప్పింది, బడిలో అందరినీ పిలిచింది, రోజుకో ఫోటో స్టేటస్‌లో పెట్టింది. ఇంకో వారంలో పుట్టినరోజు అనంగా పిల్లకు జలుబు చేసింది. ఊపిరితిత్తులకు ఎక్కింది. పట్నం దవాఖానకు తీసుకపోయేసరికి ఆలస్యమైంది.

అంత్యక్రియలు అయిన తెల్లారి బేకరీ అతను ఫోను చేసిండు. "మేడం, కేకు మీద పాప పేరు ఎట్ల రాయాలె?" అని అడిగిండు.

తిరుమల "ఏం రాయకు" అన్నది.

అందుకే మూడోవాడు పుట్టినప్పుడు అత్త నర్సింహమ్మ ఎవరినీ అడగలేదు. మూడో నాడు తెల్లవారంగనే పిల్లవాడిని చాటలో పండబెట్టుకుని పోయి, బర్ల కొట్టం వెనుక పెంటకుప్ప మీద పెట్టి వచ్చింది. తిరుమల బాలింత, మంచం దిగొద్దంటే కూడా దిగి గడప దాకా వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డది. అనుకున్న ప్రకారమే బుగ్గమ్మ ఆ దారిన పోతున్నట్టు వచ్చింది.

"ఓ నర్సింహమ్మా, గీ పెంట మీద ఎవల పిల్లగాడో పడి ఉన్నడు."

"ఏమో, మాకేం తెల్సు. మా ఇంట్ల పిల్లలే లేరు."

"అయితే నాకు దొరికిండు. నేను తీస్కపోత."

చాటతో సహా ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి, తిరుమలను అప్పుడే చూసినట్టు, "ఇగో అమ్మా, నాకు కొడుకు దొరికిండు. నా దగ్గర పాలు లెవ్వు. నువ్వు పాలిచ్చి సాకుతవా? ఊకెనే వద్దు, కూలి ఇస్త" అని, రొంటిన చెక్కుకున్న మూట విప్పి పిడికెడు బియ్యం తిరుమల కొంగులో పోసింది. సాకుడు బియ్యం.

"అవ్ అను" అని వెనుక నుంచి అత్త గద్దించింది.

తిరుమల "అవ్" అన్నది.

దాంట్లో ఉన్న లెక్క నర్సింహమ్మ తర్వాత చెప్పింది. సావు వచ్చి వాకిట్లో నిలబడి, తిరుమల పిల్లగాడు ఏడీ అని అడుగుతదట. ఈ ఇంట్లో తిరుమలకు పిల్లలు లేరు. ఉన్నవాడు పెంట మీద దొరికిన బుగ్గమ్మ కొడుకు, పేరు పెంటయ్య, తిరుమల కూలికి పాలిచ్చే మనిషి. అడ్రసు కలవక సావు మళ్లిపోతదట. ఏడాది నిండిన నాడు, దీపాల వేళ దాటకముందే, దొరికిచ్చుకున్నామె తన చేతులతో అమ్మాలె, కన్నామె తవుడు పోసి కొనాలె. ఆ వేళ దాటితే బేరం లేదు.

తిరుమల మొగుడు ధర్మేందర్ దీనికి నవ్విండు గానీ అడ్డం చెప్పలేదు. రెండు సార్లు గొయ్యి తవ్విచ్చిన తండ్రి దేనికీ అడ్డం చెప్పడు.

బుగ్గమ్మకు మొగుడు పోయి చాలా ఏండ్లయింది. పిల్లలు లేరు. రోజూ చేపలు అమ్ముకుని, సబ్బుతో రెండు సార్లు చేతులు కడుక్కుని సాయంత్రం వచ్చేది. "ఏందమ్మా, నా కొడుకుకు కడుపు నిండ పోసినవా? గట్ల చిక్కిండేంది? కూలి తీస్కొని పని ఎగ్గొడ్తున్నవా?" అనేది. మొదట అందరూ నవ్వుకున్నరు. పోనుపోను ఆమె నవ్వకుండా అడగడం మొదలుపెట్టింది. పిల్లవాడు ఆమె గొంతు వింటే చాలు గడప దాకా దోగాడుకుంట పోయేవాడు. వాడు మొదటిసారి "అమ్మ" అన్నది ఆమె మొహం చూసి. అది తిరుమలకు గుచ్చుకున్నది. కన్నకొడుకును ఒక్కసారన్నా నా కొడుకని పిలవకుండా ఏడాది గడపడం ఏమిటో పిలిచేటోళ్లకు తెలియదు.

పోయిన నెల ధర్మేందర్ హయత్‌నగర్‌లో రూము చూసిండు. అతను అక్కడే బండ్ల షోరూములో మెకానిక్. రోజూ పోయివచ్చుడు నడుం పడగొడుతుందని, డిపో వెనుక నారయ్య కిరాణం దుకాణం మీద రెండు గదులు మాట్లాడిండు. పుట్టినరోజు కాంగనే మారుదామన్నడు. ఆ మాట విని బుగ్గమ్మ, "నా కొడుకును ఎవలనడిగి తీస్కపోతరు?" అన్నది.

తిరుమల నోరు జారింది. "అవ్వా, నువ్వు నిజంగనే తల్లివనుకుంటున్నవా ఏంది? చాటెడు తవుడు పోస్తే అయిపాయె."

బుగ్గమ్మ లేచింది. పిల్లవాడిని కింద దింపి పోయింది. ఆ తర్వాత రావడం తగ్గించింది. అప్పుడు తిరుమలకు హాయిగానే అనిపించింది. ఇప్పుడు, ఆ కొత్త తాళం ముందు, ఆ మాటే గుర్తుకొచ్చింది.

అక్కడి నుంచి బస్టాండు పక్కన చేపలు పెట్టే మూలకు పోయింది. చేపలు కోసే హన్మంత్ కత్తి తుడుచుకుంట, "ఇయ్యాల గంప పెట్టలే అక్కా. కొడుకు పుట్టినరోజు గదా, సెలవు పెట్టింది గావచ్చు" అని నవ్విండు. తిరుమల మొహం చూసి నవ్వు ఆపి, "పొద్దుగాల బస్సు ఎక్కంగ చూసిన. ఏ బస్సో చూడలే" అన్నడు.

ఇంటికి వచ్చేసరికి ధర్మేందర్ కుర్చీ ఎక్కి గాలి బుగ్గలు కడుతున్నడు. పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో కేకు ఉంది. దాని మీద వాడికి పెట్టాలనుకున్న అసలు పేరు, శ్రీపాల్, ముందే రాయించి తెచ్చిండు.

"పేరెందుకు రాయించినవ్? ఇంక కొననే లేదు" అన్నది తిరుమల.

"సాయంత్రం కొనేదే గదా."

"ఆమె లేదు. బస్సెక్కి పోయిందట."

ధర్మేందర్ కుర్చీ దిగిండు. "పోతే పోనియ్. బీఈడీ చదివినవ్, పిల్లలకు సదువు చెప్తవ్. చిన్నదానికి నిమోనియా అయింది, పోయింది. డాక్టరు చెప్పిండు, నువ్వూ విన్నవ్. తవుడుకు దానికి ఏం సంబంధం?"

"కేకు మీద కొవ్వొత్తి ఎందుకు పెడ్తరో నీకు తెల్సా?"

"ఫోటో మంచిగొస్తదని."

మూలకు కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్న నర్సింహమ్మ తలెత్తకుండనే, "దీపం నోటితోని ఊది ఆర్పుడు గదేం పుట్టినరోజురా. ఇంట్ల మనిషి పోతే ఆర్పుతరు దీపం" అన్నది.

కొవ్వొత్తి సంగతి తిరుమలకు మొన్ననే తెలిసింది. బడిలో పిల్లలు రోజుకొకరు చాక్లెట్లు పంచుతుంటే, పుట్టినరోజులు ఎట్లా పుట్టినయో ప్రార్థన సమయంలో చెప్పమని హెడ్‌మాస్టర్ అడిగిండు. ఆమె దేన్నైనా శ్రద్ధగా చేసే మనిషి, కూర్చుని చదివింది. వెనుకటికి పుట్టినరోజులు రాజులకే గానీ మామూలు మనుషులకు లేవట. గ్రీసు దేశంలో చంద్రదేవతకు గుండ్రటి రొట్టె చేసి, వెన్నెల తీరుగ మెరవాలని దాని మీద దీపాలు పెట్టేవాళ్లట. జర్మనీలో పిల్లలకు పెట్టేవాళ్లట. ఇదంతా చక్కగా రాసుకుంది. ఆ తర్వాతి ముక్క దగ్గర కలం ఆగింది. ఏడాది నిండే దినమే దయ్యాలు మనిషికి దగ్గరగా వస్తయని వాళ్ల బుగులట. అందుకే చుట్టాలంతా చేరి బిడ్డ చుట్టూ నిలబడేవాళ్లట. పొద్దంతా కొవ్వొత్తి ఆరకుండా కాపలా కాసేవాళ్లట. మంచి జరగాలని చెప్పే మాటలు కూడా కాపలా కోసమేనట.

ఎంతవరకు నిజమో ఆమెకు తెలియదు. పిల్లలకు గ్రీసు వరకు చెప్పి ఆపేసింది. కానీ ఆ రాత్రి నుంచి ఆమెకు నిలబడే జాగ లేకుండా పోయింది. పెంట మీద పెట్టుడు ఊరోళ్ల మూఢనమ్మకమనీ, పుస్తకం తెరిస్తే పోతుందనీ అనుకుంది ఇన్నాళ్లూ. తెరిస్తే పుస్తకంలో కూడా అదే బుగులు కూర్చుని ఉంది. లోకమంతా ఆ ఒక్క దినానికి జడిసి బిడ్డ చుట్టూ నిలబడ్డది. కాపలా లేకుండా, భయం లేకుండా, స్టేటస్‌లు పెట్టుకుంట నిలబడింది తను ఒక్కతే. బిడ్డ పోయింది.

పొద్దు వాలుతుండగా ధర్మేందర్ ఫోను మోగింది. నారయ్య.

"తమ్మీ, ఎవరో ముసలామె వచ్చి మీ రూం ముందల మెట్ల మీద కూసున్నది. పొమ్మంటే పోతలేదు. గిది నా కొడుకు రూం అంటున్నది. నీకు ఇంకో అమ్మ ఉన్నదా ఏంది?"

ధర్మేందర్ ఫోను పెట్టేసి, "నేను ఫోన్ల మాట్లాడత, వచ్చేటోళ్లు వస్తున్నరు, నువ్వెక్కడికి" అంటుండగానే తిరుమల తవుడు సంచి చేతికి తగిలించుకుని, పిల్లవాడిని ఎత్తుకుని వాకిలి దాటింది. నర్సింహమ్మ కత్తిపీట వదిలి గేటు దాకా వచ్చి, "దీపాల యాల్లకే బిడ్డా. దాటనియ్యకు" అన్నది.

బస్సు ప్రతి స్టాపులో ఆగింది. శేరిగూడ కాలేజీల పిల్లలు ఎక్కి, ఎవరిదో పుట్టినరోజట, ఒకడి మొహానికి కేకు పూసి నవ్వుతున్నరు. ఆ పిల్లవాడి కనుబొమ్మల నిండా తెల్లటి క్రీము. తిరుమల కండ్లు తిప్పుకుని కిటికీలోంచి ఎండను చూసింది. ఎండ గోడల మీదికి ఎక్కింది, తర్వాత కరెంటు స్తంభాల మీదికి. ఒళ్లో పిల్లవాడు నలుగుతున్నడు. నుదురు పొద్దటికన్నా కాలుతున్నట్టుంది. పొద్దున డాక్టరుకు చూపించింది. పండ్లొస్తున్నయ్, ఫికర్ చెయ్యకు అన్నడు, చుక్కల మందు రాసిండు. మందు వేసింది. కానీ పోయినసారి డాక్టరు కూడా మొదట జలుబే అన్నడు కదా.

ఆమె దేవుడిని మొక్కలేదు. డ్రైవరును మొక్కింది. అన్నా, జర తొందరగ పోనియ్ అని మనసులో అదే మాట పదే పదే అనుకుంది.

డిపో వెనుక సందులోకి చేరేసరికి పొద్దు ఇండ్ల వెనుకకు దిగింది. ఇంకా చీకటి పడలేదు. నారయ్య దుకాణంలో అప్పుడే అగర్‌బత్తి ముట్టించి దేవుడి పటానికి తిప్పుతున్నడు. పక్క నుంచి మెట్లు. పైమెట్టు మీద, తాళం వేసిన గది ముందు, బుగ్గమ్మ మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది.

పిల్లవాడు ఆమెను చూసి రెండు చేతులు చాపిండు. బుగ్గమ్మ తీసుకుంది. తీసుకోంగనే నుదురు ముట్టుకుని చూసింది.

"ఒల్లు కాలుతున్నది నా కొడుకుకు."

"పండ్లొస్తున్నయన్నడు డాక్టరు. అవ్వా, లే. యాల్ల అయితున్నది. ఇక్కడనే కానిద్దాం. తవుడు తెచ్చిన."

బుగ్గమ్మ లేవలేదు. "రూము ఎట్లుంటదో చూద్దామని వచ్చిన. గీ మెట్లకు అడ్డం లేదు. పిల్లగాడు దోగాడుతుండు, జారితే ఏడ పడ్తడు? కింద రోడ్డు. లారీలు తిరుగుతున్నయ్."

"గేటు పెట్టిస్తం."

"ఎప్పుడు పెట్టిస్తవ్, పడ్డంకనా?"

"అవ్వా, నీ కాల్మొక్కుత. నేనన్న మాట తప్పే. ఆ మాట మనసుల పెట్టుకోకు. అమ్ముతున్న అను. ఒక్క మాట."

"మాటకు కాదు." బుగ్గమ్మ గొంతు పెంచలేదు. "నువ్వన్నదానికి నాలుగు దినాలు ఏడ్చిన, అయిపాయె. నేను అమ్మ."

"ఎందుకమ్మవ్?"

ముసలామె పిల్లవాడి తలను తన భుజానికి ఆనించుకుని, చెవి మూసినట్టు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నీ చేతుల ఇద్దరు పోయిన్రు బిడ్డా. నా చేతుల వీడు ఏడాది నిలిచిండు. నువ్వే చెప్పు, సదువుకున్నదానివి. ఎట్ల ఇయ్యాలె?"

తిరుమల జవాబు కోసం నోరు తెరిచింది. నిమోనియా అనాలి. మొదటివాడికి పుట్టుకతోనే గుండెలో తేడా అనాలి. అవన్నీ నిజాలే. దవాఖాన గోడకు ఆనుకుని ఆ నిజాలను ఎన్నిసార్లు విన్నదో. కానీ ఏడాది పొడుగునా, రాత్రి లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిన ప్రతిసారీ, తనలో తను అనుకున్నది ముసలామె ఇప్పుడు అన్న మాటనే. నా చేతుల నిలువరు. కొనుక్కున్న క్షణం నుంచి వీడు తిరుమల కొడుకు. అడ్రసు కలుస్తుంది.

కింది మెట్టు మీద కూర్చున్నది. తవుడు సంచి మోకాళ్ల మధ్య పెట్టుకున్నది. కింద ఎవరి ఇంట్లోనో స్విచ్ వేసిన చప్పుడు. ఎదురింటామె దీపం పట్టుకుని తులసికోట దగ్గరికి వచ్చింది. ఫోను మోగింది, ధర్మేందర్. ఎత్తలేదు. మళ్లీ మోగింది.

కొంటే పోతడేమో. కొనకపోతే తనవాడు కాడు. ఈ రెండింటి మధ్య జాగ ఎక్కడన్నా ఉందా అని ఆమె మనసు గోడ గోడకు తగులుతోంది. అత్త చెప్పిన ఆచారంలో లేదు. తను చదివినదాంట్లో లేదు. కానీ ఆ కొవ్వొత్తి కూడా ఎవరో ఒకరు, ఏదో ఒక ఊర్లో, బిడ్డను చూసుకుని బుగులుకు తట్టుకోలేక మొదటిసారి పెట్టిందే కదా. పెట్టినప్పుడు ఎవరిని అడిగి పెట్టింది?

తిరుమల లేచింది. కండ్లు తుడుచుకున్నది. ఒక మెట్టు కిందనే నిలబడి, కొంగు రెండు చేతులా పట్టి ముసలామె ముందు చాపింది.

"నేను కొనను అవ్వా. నీ కొడుకుగానే ఉండనియ్. సాకుడు బియ్యం పొయ్యి. ఇంకో ఏడాదికి సాకుత."

బుగ్గమ్మ ఆ కొంగు దిక్కు చూసింది.

"మల్ల పుట్టినరోజుకు?"

"మల్ల పోస్తువు. నువ్వున్నన్ని దినాలు పొయ్యి."

"నేను పోయినంక?"

తిరుమల కొంగు ఇంకొంచెం ముందుకు చాపింది.  

"వాడు నిన్ను అమ్మ అని పిలుస్తడు, నన్నేమని పిలుస్తడో పిలువనియ్. పానంతోని ఉంటే చాలు. జల్ది పొయ్యి అవ్వా, చీకటి పడుతుంది."

బుగ్గమ్మ రొంటి తడుముకున్నది. బియ్యం ఎక్కడివి? ఊరు కాని ఊరికి వచ్చి కూర్చున్నది. పిల్లవాడిని ఎత్తుకునే, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టు దిగింది. తిరుమల కొంగు చాపినది చాపినట్టే వెనుక దిగింది. దుకాణం ముందు నిలబడి ముసలామె, "ఓ సేటూ, పిడికెడు బియ్యం ఇయ్యి" అన్నది.

నారయ్య అగర్‌బత్తి గూట్లో గుచ్చి వెనుదిరిగిండు. "పిడికెడా? అడుక్కునేటోళ్లకు పొద్దుగాలే ఇస్త, దీపాల యాల్లకు ఇయ్యను."

"అడుక్కుంటలేను. నా కొడుకుకు పాలిచ్చే మనిషికి కూలి ఇస్తున్న. మంచి బియ్యం ఇయ్యి, నూకలు కావు."

నారయ్య ఆమెను చూసిండు, కొంగు చాపి నిలబడ్డ తిరుమలను చూసిండు. రేపో మాపో తన ఇంట్లో దిగబోయే పంతులమ్మ ఈమేనా అన్నట్టు ఇంకోసారి చూసిండు. ఏమీ అర్థం కాకపోయినా, సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి ముసలామె దోసిట్లో పోసిండు. ఆ బియ్యం ఆమె దోసిట్లోంచి తిరుమల కొంగులో పడ్డయి. రెండు గింజలు కింద పడితే తిరుమల వంగి ఏరి ముడి వేసుకున్నది.

"సాకుతవా?" అన్నది బుగ్గమ్మ.

"అవ్."

మూడోసారి ఫోను మోగింది. ఈసారి ఎత్తింది.

"ఏడున్నవ్? అందరొచ్చిన్రు. అయిందా?" ధర్మేందర్ వెనుక పిల్లల గోల వినబడుతోంది.

"కాలే. కొనలే."

"ఎందుకు?" అన్నడు ధర్మేందర్.

"ఇను. కేకు మీద పేరు గీకెయ్. కత్తితోని మొత్తం గీకెయ్. ఉత్తదే కోసి పిల్లలకు పెట్టు. ఎవల పుట్టినరోజని అడిగితే, బుగ్గమ్మ కొడుకుదని చెప్పు. దేవుని ముందల దీపం పెట్టమను అత్తను. జరసేపు కాదు, తెల్లారేదాక ఆరనియ్యకున్రి. మేం వీన్ని ఇంకోసారి డాక్టరుకు చూపించి వస్తం."

"మేం అంటే?"

"వీడు, వాళ్లమ్మ, నేను."

తవుడు సంచి పైన మెట్ల మీదనే ఉండిపోయింది. ఎవరూ తేవడానికి పోలేదు. సందంతా దీపాలు పడ్డయి. పిల్లవాడు ముసలామె భుజం మీద నుంచి తలెత్తి ఏడుపు అందుకున్నడు, గొంతు బలంగానే ఉంది. ఆ ఏడుపును తిరుమల చెవి పెట్టి విన్నది, రొప్పు ఉందా లేదా అని.

బుగ్గమ్మ దుకాణం అరుగు మీద జాగ చేసి తిరుమలను కూర్చోబెట్టి, పిల్లవాడిని ఆమె ఒళ్లో పెట్టింది.

"ఏం చూస్తున్నవ్? కూలి ముట్టింది గదా. ఆకలైతున్నది నా కొడుకుకు, పాలియ్యి."